పది సెంట్ల దెయ్యాలు: మీరు అడిగారు, మేం చెప్తున్నాం

పోయిన నెల ఈ శీర్షికలో పాత అమెరికన్ పది సెంట్ల హారర్ కామిక్స్ గురించి ఓ రెండు ముక్కలు రాసి ఊరుకుందాం అనుకున్నా. ఉత్తరాలు, మెయిళ్లు, వాట్సాప్ మెసేజీలు అన్నీ వాటి మీదే వచ్చి పడ్డాయి. సరే ఇంత ముచ్చట పడుతున్నారు కదా అని ఈసారి పేజీలన్నీ వాటికే ఇచ్చేస్తున్నాం. ఒకే సంగతి ఇద్దరు ముగ్గురు అడిగితే కలిపేశా. పేర్లు వేయొద్దన్నవాళ్లు ఎక్కువ, అందుకని అందరివీ తీసేసి ఊళ్లు మాత్రం ఉంచా.

ప్ర: మా అబ్బాయి డల్లాస్ నుంచి వస్తూ 'ది క్రిప్ట్ ఆఫ్ టెర్రర్' అని ఓ పాత కామిక్ రీప్రింట్ తెచ్చాడండీ. అట్ట మీద నంబర్ 17 అని ఉంది. వాడేమో ఇదే మొదటి సంచిక నాన్నా అంటాడు. మరి ముందు 16 ఏమైనట్టు? – నరసరావుపేట

మీవాడు చెప్పింది కరెక్టేనండీ. ముందు 16 ఉన్నాయి, కాకపోతే వాటి పేరు వేరు, వాటిలో ఉన్నది ఎక్కువగా దొంగలూ పోలీసులూ. ఆ పత్రిక మొదట 'ఇంటర్నేషనల్ కామిక్స్', తర్వాత పేరు మారి 'క్రైమ్ పెట్రోల్' అయింది. 1949 చివర్లో అందులోనే మెల్లగా ఒకటీ అరా దెయ్యం కథ వేసి చూశారు, జనానికి నచ్చింది, 1950లో 17వ నంబర్‌కి వచ్చేసరికి బోర్డు మార్చేసి 'ది క్రిప్ట్ ఆఫ్ టెర్రర్' అన్నారు.

కొత్తగా ఒకటో నంబర్ నుంచి మొదలెట్టొచ్చు కదా అంటారేమో, అక్కడే ఉంది కిటుకు. అమెరికాలో పత్రికని పోస్టులో చవగ్గా పంపాలంటే సెకండ్ క్లాస్ మెయిల్ పర్మిట్ ఉండాలి, కొత్త పత్రిక పెడితే మళ్లీ కొత్తగా ఫీజు కట్టాలి. అదే పాత పత్రికకి పేరు మాత్రం మార్చి నంబర్ కంటిన్యూ చేస్తే ఆ ఖర్చు ఉండదు. అందుకే 'వార్ అగైన్స్ట్ క్రైమ్' 11తో ఆగిపోయి 12 నుంచి 'ది వాల్ట్ ఆఫ్ హారర్' అయింది, 'గన్‌ఫైటర్' అనే కౌబాయ్ కామిక్ 14తో ఆగి 15 నుంచి 'ది హాంట్ ఆఫ్ ఫియర్' అయింది. గుర్రాల మీద తుపాకులు పేల్చుకునేవాళ్ల పర్మిట్ మీద శవాలు లేచి నడిచాయన్నమాట!

ఈ హాంట్ ఆఫ్ ఫియర్ దగ్గర మాత్రం పోస్టల్ వాళ్లు ఊరుకోలేదు. దాంతో 15, 16, 17 వేశాక నాలుగో సంచికకి 4 అనే నంబర్ వేయాల్సొచ్చింది, తర్వాత వరసగా పోతూ పోతూ మళ్లీ ఇంకో 15, 16, 17 వచ్చాయి. కాబట్టి ఎవరైనా హాంట్ ఆఫ్ ఫియర్ 17 అమ్ముతున్నానంటే ఏ 17 బాబూ అని అడగండి. మీ చేతిలో ఉన్న క్రిప్ట్ ఆఫ్ టెర్రర్ ఆ పేరుతో వచ్చింది మూడు సంచికలే, 20 నుంచి అది 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్'. అందరికీ తెలిసిన పేరు ఇదే.

ప్ర: ఈసీ కామిక్స్ అంటే ఎవరిది? కథలు ఎవరు రాసేవాళ్లు? కొంచెం వివరంగా చెప్పగలరు. – విజయవాడ, ఖమ్మం

పైన చెప్పిన పత్రికలన్నీ వేసిన కంపెనీ ఈసీనే. నవ్వొచ్చే సంగతేంటంటే ఆ కంపెనీ మొదలైంది బైబిల్ కథల బొమ్మల పుస్తకాలతో. మాక్స్ గెయిన్స్ అనే ఆయన పెట్టాడు, ఈసీ అంటే ఎడ్యుకేషనల్ కామిక్స్. 1947లో లేక్ ప్లాసిడ్‌లో పడవ ప్రమాదంలో ఆయన పోయాడు. కొడుకు విలియం గెయిన్స్‌కి అప్పుడు పాతికేళ్లు, కెమిస్ట్రీ టీచర్ అవుదామని చదువుకుంటున్నాడు, కామిక్స్ మీద వీసమెత్తు ఇష్టం కూడా లేదు, ఇంట్లోవాళ్ల బలవంతం మీద అప్పుల్లో ఉన్న ఆ ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు. తర్వాత ఈసీలో ఎడ్యుకేషనల్ పోయి ఎంటర్‌టైనింగ్ వచ్చింది. 1948లో అల్ ఫెల్డ్‌స్టైన్ అనే కుర్ర ఆర్టిస్టు పని కోసం వచ్చాడు, ఇద్దరికీ బాగా కుదిరింది. చిన్నప్పుడు ఇద్దరూ రేడియోలో దెయ్యం నాటికలు విన్నవాళ్లే, 'ది విచెస్ టేల్' లాంటివి, అందులో ఓ ముసలి మంత్రగత్తె కథ చెప్తుంటుంది. మనమూ అలాంటివి వేద్దామా అనుకున్నారు, అంతే.

వీళ్ల పని పద్ధతి వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. గెయిన్స్ లావు తగ్గడానికి డెక్సిడ్రిన్ మాత్రలు వేసుకునేవాడు, అవి వేసుకుంటే నిద్ర పట్టదు, రాత్రంతా దొరికిన కథల పుస్తకమల్లా చదువుతూ చిన్న చిన్న ఐడియాలు కాగితాల మీద గీకి పెట్టుకునేవాడు. వాటికి స్ప్రింగ్‌బోర్డులు అని పేరు. పొద్దున ఆఫీసుకొచ్చి ఒక్కోటీ ఫెల్డ్‌స్టైన్‌కి వినిపించడం, ఆయన ఇది బాలేదు అది బాలేదు అనడం, చివరికి ఒకటి నచ్చితే అప్పటికప్పుడు కూర్చుని కథ అల్లేయడం. అదీ వేరే కాగితం మీద కాదు, ఆర్టిస్టు బొమ్మ వేయాల్సిన అట్ట మీదే గళ్లు గీసి డైలాగులు పెన్సిల్‌తో రాసేసేవాడు. తర్వాత ఆ అక్షరాల్ని ఇంజనీరింగ్ డ్రాయింగుల్లో వాడే లెరాయ్ లెటరింగ్ సెట్‌తో సిరా పెట్టించేవాళ్లు. ఈసీ కామిక్ అక్షరాలు చేత్తో రాసినట్టు కాకుండా ప్లాన్ కాగితం మీద ఉన్నట్టు నీట్‌గా ఉండేది అందుకే. ఇదంతా అయ్యాకే ఆర్టిస్టు చేతికి వెళ్లేది, రాత పోగా మిగిలిన జాగాలో ఆయన బొమ్మ వేసుకోవాలి, కొన్ని గళ్లల్లో పాపం పాత్ర తల మాత్రమే పడుతుంది, మిగతా అంతా మాటలే.

ఇలా వారానికి నాలుగు కథల లెక్కన లాగించేవాళ్లు. ఇంత స్పీడులో ఐడియాలన్నీ సొంతవే అనుకునేరు, కాదు. రే బ్రాడ్‌బరీ అనే సైన్స్ ఫిక్షన్ రచయిత కథలు రెండు కలిపి చెప్పాపెట్టకుండా ఒక కామిక్ చేసేశారు. ఆయన లాయర్ని పంపలేదు, మీరు నాకు ఇవ్వాల్సిన 50 డాలర్లు పంపడం మర్చిపోయినట్టున్నారు అని ఎంతో మర్యాదగా ఓ ఉత్తరం రాశాడు. వీళ్లు తల వంచుకుని డబ్బులు పంపారు, ఆ తర్వాత ఆయన కథలే పర్మిషన్‌తో, పేరు వేసి మరీ చాలా వేశారు. దొంగతనం దొరికిపోయాక ఇంత బాగా ముగిసిన కేసు నాకైతే ఇంకోటి తెలీదు.

ప్ర: అన్నా, నిజం చెప్పు, ఇవి భయపెడతాయా? మేం చూసే సినిమాల ముందు ఇవేం లెక్క? ఒక్క కథ చెప్పు చూద్దాం. – హనుమకొండ

చెప్తా తమ్ముడూ, విని నువ్వే చెప్పు. 1954లో వాల్ట్ ఆఫ్ హారర్ 35వ సంచికలో జానీ క్రెయిగ్ రాసి, బొమ్మలు కూడా తనే వేసిన కథ. క్రిస్మస్ ముందు రాత్రి, బయట మంచు, మేడ మీద చిన్నపాప పడుకుంది. కింద హాల్లో ఆ పాప తల్లి తన మొగుణ్ని ఇనప చువ్వతో తల మీద కొట్టి చంపేసింది. రక్తం తుడుచుకుంటుంటే రేడియోలో వార్త, పిచ్చాసుపత్రి నుంచి ఓ హంతకుడు తప్పించుకున్నాడు, శాంటాక్లాజ్ వేషంలో తిరుగుతున్నాడు, జాగ్రత్త అని. కిటికీ దగ్గరికెళ్లి చూస్తే వాడు వాకిట్లోనే ఉన్నాడు.

ఇప్పుడామె ఏం చేయాలి? పోలీసులకి ఫోన్ చేయాలి. ఫోన్ చేస్తే పోలీసులొస్తారు, హాల్లో శవం ఉంది. ఇక ఒక్కో తలుపూ ఒక్కో కిటికీ పరిగెత్తి పరిగెత్తి గడియలు పెట్టుకుంటూ వస్తుంది, మధ్యలో ఓ దివ్యమైన ఐడియా, ఈ హత్య వాడి మీదకి తోసేస్తే పోలా అని. శవాన్ని దానికి తగ్గట్టు సర్దుతుంది. అంతా సెట్ అయింది అనుకునేలోపు పైనుంచి పాప గొంతు, అమ్మా శాంటా వచ్చాడే, నేనే లోపలికి రానిచ్చా అని. కథ అయిపోయింది. వాడు ఆమెని ఏం చేశాడో ఒక్క గీత కూడా గీయలేదు. 1972లో సినిమాలో, 1989లో టీవీ సిరీస్‌లో ఇదే కథ మళ్లీ తీశారంటే చూసుకో.

గమనించావా, ఇందులో దెయ్యమే లేదు. అదే నేను చెప్పాలనుకున్నది. ఈసీ కథల్లో భయం శవం లేచినప్పుడు మొదలవదు, అంతకు ముందే, ఇంట్లో, అన్నం బల్ల దగ్గర మొదలవుతుంది. మొగుడు ఇన్సూరెన్స్ కోసం పెళ్లాన్ని చూస్తున్న చూపులో, పార్ట్‌నర్ లెక్కల పుస్తకం దాచేయడంలో, ముసలాయన ఆస్తి కోసం మందులో ఏదో కలపడంలో ఉంటుంది. శవం ఆఖరి రెండు పేజీల్లో వచ్చి బాకీ వసూలు చేసుకుని పోతుందంతే. అప్పటి అమెరికాలో యాడ్స్ నిండా నవ్వుతున్న కుటుంబాలు, తెల్లటి ఫ్రిజ్‌లు, కొత్త కార్లు. ఈ పది సెంట్ల కాగితాలేమో ఆ ఇళ్లలో తలుపులేసుకున్నాక జరిగేదాన్ని చూపించాయి. పెద్దవాళ్లకి కాలింది అందుకే అని నా గట్టి నమ్మకం, ఒప్పుకోనివాళ్లు వచ్చే నెల తిట్టొచ్చు.

దెయ్యం ఉన్నది కూడా ఒకటి కావాలా? హాంట్ ఆఫ్ ఫియర్ 12, 1952, బొమ్మలు గ్రాహం ఇంగెల్స్. చెత్తా చెదారం ఏరుకుని బతికే ఓ పేద ముసలాయన, ఎదురుగా డబ్బున్న తండ్రీకొడుకులు. ఈ ముసలాడి కొంపతో మా వీధి పరువు పోతోందని ఆయన్ని వెళ్లగొట్టాలని అన్నీ చేసి చూస్తారు, చివరికి వాలెంటైన్స్ డేకి ఊళ్లోవాళ్లందరూ పంపినట్టు బోలెడన్ని కార్డులు పంపుతారు, ప్రతి దాంట్లోనూ నువ్వెందుకు బతికున్నావ్ అన్నట్టు పాట. ఆయన ఉరేసుకుంటాడు. సరిగ్గా ఏడాదికి మళ్లీ ఆ రోజే ఆ ఇంటికీ ఒక కార్డు వస్తుంది. అందులో గుండె బొమ్మ ఉండదు, గుండే ఉంటుంది.

ఆ ఇంగెల్స్ బొమ్మలు చూడాలి మీరు, నోట్లోంచి తీగలా సాగే ఉమ్మి, కుళ్లిన చర్మం, వంకర వేళ్లు, సంతకం కూడా 'ఘాస్ట్లీ' అనే పెట్టేవాడు. మనిషి మాత్రం చాలా నెమ్మదస్తుడు. తర్వాత ఫ్లోరిడా వెళ్లిపోయి పెయింటింగ్ పాఠాలు చెప్పుకుంటూ బతికాడు, ఆ పాత కామిక్స్ ఊసెత్తితే ఇష్టపడేవాడు కాదు.

ప్ర: ఈసీ కథలు చెప్పే క్రిప్ట్ కీపర్ అంటే మన చందమామ బేతాళుడి లాంటివాడేనా? ఒకళ్లని చూసి ఒకళ్లు కాపీ కొట్టారా? – రాజమండ్రి

కాపీ మాట పక్కన పెట్టండి, బేతాళుడు మరీ పాతవాడు, పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలోనే ఉన్నాడు. చందమామ 1947 జూలైలో మొదలైంది, ఆ పాతిక కథలు ఎప్పుడో అయిపోయినా విక్రమార్కుణ్ని మాత్రం వదలకుండా దశాబ్దాల తరబడి శ్మశానానికి తిప్పుతూనే ఉన్నారు. న్యూయార్క్‌లో గెయిన్స్ వాళ్లకి ఇదంతా తెలిసే అవకాశమే లేదు.

కానీ మీ పోలిక బాగుందండీ, నేనూ దాని గురించి చాలాసేపు ఆలోచించా. ఈసీ మూడు పత్రికలకీ ముగ్గురు కథకులు, క్రిప్ట్ కీపర్, వాల్ట్ కీపర్, ముసలి మంత్రగత్తె. ఒకళ్ల పత్రికలోకి ఇంకొకళ్లు దూరుతుంటారు, నీ కథ కన్నా నా కథే కంపు కొడుతుంది అని పోట్లాడుకుంటారు, కథ మొదట్లో ఓ కుళ్లు జోకు, చివర్లో ఇంకో కుళ్లు జోకు. పాఠకుడు గుడ్లు తేలేసి ఉంటే వీళ్లు పకపకా నవ్వుతారు. ఆ జోకు లేకపోతే చాలా కథలు చదవలేం, అది నిజం.

మన బేతాళుడిది వేరే దారి. వాడున్నదే శవంలో, శంకర్ గారు వేసిన ఆ బొమ్మ గుర్తుందిగా, రాజు భుజం మీద వేలాడుతూ ఉంటుంది. అయినా పిల్లలకి భయం వేయదు. వాడు కథ చెప్పి జవాబు అడుగుతాడు, తెలిసీ చెప్పకపోతే నీ తల పగులుతుందంటాడు, రాజు చెప్పగానే చెట్టెక్కేస్తాడు. అక్కడ న్యాయం ఏదో రాజు నోటితో చెప్పిస్తారు, ఇక్కడ శవమే వచ్చి తీర్పు అమలు చేస్తుంది. క్రిప్ట్ కీపర్ పాఠకుణ్ని ఏమీ అడగడు, ఎలా ఉంది దెబ్బ అంటాడంతే. నన్నడిగితే చదివేటప్పుడు క్రిప్ట్ కీపర్ సరదా, చదివాక మనసులో నలిగేది బేతాళుడి ప్రశ్న.

ప్ర: నేను రిటైర్డ్ టీచర్ని. ఈ కామిక్స్ వల్ల పిల్లలు చెడిపోతున్నారని ఓ డాక్టరు పుస్తకం రాస్తే అమెరికా సెనేట్ విచారణ జరిపిందని చదివాను. ఆ డాక్టరు చెప్పింది పూర్తిగా తప్పంటారా? – విశాఖపట్నం

మాస్టారూ, ఇది కాస్త నిదానంగా చెప్పాల్సిన సంగతి. ఆయన పేరు ఫ్రెడ్రిక్ వెర్థమ్, సైకియాట్రిస్టు. కామిక్స్ అభిమానులు ఈయన్ని రాక్షసుణ్ని చేసి పెట్టారు గానీ అంత సులువు కాదు. 1946లో న్యూయార్క్ హార్లెమ్‌లో ఓ చర్చి బేస్‌మెంట్‌లో లఫార్గ్ క్లినిక్ పెట్టి, నల్లజాతి పేదలకి పావు డాలరు ఫీజుతో వైద్యం చేసినవాడు. తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరువేరు బడులు పెట్టడం వల్ల పిల్లల మనసులు ఎలా దెబ్బతింటాయో డెలావేర్ కోర్టులో సాక్ష్యం చెప్పినవాడు. పిల్లల మీద ప్రేమ నిజమే.

అయితే ఆ క్లినిక్‌కి వచ్చే పిల్లల్లో చాలామంది గొడవల్లో ఇరుక్కున్నవాళ్లు, వాళ్లందరి చేతుల్లోనూ కామిక్స్ ఉన్నాయి, కాబట్టి కామిక్సే కారణం అన్నాడు. ఆ రోజుల్లో గొడవల్లో లేని పిల్లల చేతుల్లో కూడా అవే కామిక్స్ ఉండేవి కదా! 1954లో 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్' అని పుస్తకం వేశాడు. దశాబ్దాల తర్వాత ఆయన కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తెరిచాక, క్యారల్ టిల్లీ అనే ప్రొఫెసర్ వాటిని పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూసి 2012లో ఓ వ్యాసం రాసింది. పిల్లలు చెప్పిన మాటల్ని కొన్నిచోట్ల మార్చాడు, వాళ్ల ఇళ్లలో ఉన్న వేరే కష్టాల్ని వదిలేశాడు అని తేల్చింది. నన్ను బాధపెట్టేది ఆ రెండోదే మాస్టారూ. ఇంట్లో కొట్టే తండ్రి కనపడకుండా పోయి కామిక్ మాత్రం మిగిలింది.

విచారణ సంగతికి వస్తే, 1954 ఏప్రిల్ 21, న్యూయార్క్ కోర్టు భవనం. వెర్థమ్ మాట్లాడాక గెయిన్స్ వంతు. ఆయన్ని ఎవరూ పిలవలేదు, నేనే వచ్చి మాట్లాడతా అని వచ్చాడు. మొదట బాగానే మాట్లాడాడు, తర్వాత మాత్రల ప్రభావం దిగిపోయి నీరసం వచ్చేసిందట, మెదడు మొద్దుబారింది. సరిగ్గా అప్పుడే సెనేటర్ ఎస్టిస్ కెఫావర్ ఓ కామిక్ పైకెత్తి చూపించాడు, ఈసీ వాళ్లదే, క్రైమ్ సస్పెన్‌స్టోరీస్ 22వ సంచిక. అట్ట మీద ఒకడి చేతిలో రక్తం అంటిన గొడ్డలి, ఇంకో చేత్తో జుట్టు పట్టుకుని ఎత్తిన ఆడమనిషి తల. ఇది మంచి అభిరుచే అంటారా అని అడిగాడు. గెయిన్స్, అవునండీ, హారర్ కామిక్ అట్టకి ఇది మంచి అభిరుచే అన్నాడు. అక్కడితో ఆగితే ఏదో సరిపోయేది, ఆ తలని ఇంకాస్త పైకెత్తి మెడ నుంచి రక్తం కారుతున్నట్టు చూపిస్తే అప్పుడు చెడ్డ అభిరుచి అవుతుంది అని వివరించాడు. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఎక్కాడు. లాజిక్ చూస్తే ఆయన అన్నది ఆఫీసులో ఎడిటర్ రోజూ అనే మాటే, అట్ట వేసేటప్పుడు ఎక్కడ ఆపాలి అనేదే వాళ్ల పని. కానీ ఆ మాట అనాల్సిన చోటు మాత్రం అది కాదు.

సెనేట్ చట్టమేం చేయలేదు. పబ్లిషర్లే భయపడిపోయి ఓ సంఘం పెట్టుకుని కామిక్స్ కోడ్ రాసుకున్నారు. టైటిల్‌లో హారర్, టెర్రర్ అనే మాటలు ఉండకూడదు, లేచి నడిచే శవాలు, రక్తపిశాచులు, తోడేలు మనుషులు ఎవరూ ఉండకూడదు. అట్ట మీద ఆ కోడ్ ముద్ర లేకపోతే హోల్‌సేల్ వాళ్లు కట్టలు కూడా విప్పకుండా వెనక్కి పంపేసేవాళ్లు. గెయిన్స్ మూడు పత్రికల్లో రెండిటి పేర్లలోనే నిషేధించిన మాటో దాని అక్కో ఉంది, ఇంకేం నడుపుతాడు. టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్ 46వ సంచికతో 1955 మొదట్లో దుకాణం కట్టేశాడు.

ప్ర: కోడ్ వచ్చాక గెయిన్స్ ఏమైపోయాడు? – తిరుపతి

కోటీశ్వరుడైపోయాడు! 1952లోనే హార్వే కర్ట్‌జ్‌మన్‌తో 'మ్యాడ్' అని ఓ ఎగతాళి కామిక్ మొదలెట్టి ఉన్నాడు, 1955లో దాన్ని పెద్ద సైజు మ్యాగజైన్ చేశాడు, అది ఇక ఆగలేదు.

కామిక్స్ నుంచి పోయే ముందు మాత్రం ఓ గొడవ పెట్టుకుని పోయాడు. 1953లో వేసిన 'జడ్జిమెంట్ డే' అనే కథని 1956లో మళ్లీ వేయబోయాడు. నారింజ రంగు రోబోలు నీలం రోబోల్ని తక్కువగా చూసే ఓ గ్రహానికి భూమి నుంచి ఓ ఇన్‌స్పెక్టర్ వెళ్తాడు, అంతా చూసి మీరింకా మాలో కలవడానికి పనికిరారు అని చెప్పేసి రాకెట్ ఎక్కుతాడు, ఆఖరి గడిలో హెల్మెట్ తీస్తే నల్లజాతి మనిషి, నుదుటి మీద చెమట చుక్కలు నక్షత్రాల్లా మెరుస్తుంటాయి. కోడ్ ఆఫీసు వాళ్లు ఆయన నల్లగా ఉండకూడదన్నారు. కథే అది కదా అంటే, పోనీ ఆ చెమట చుక్కలైనా తీసేయమన్నారు. గెయిన్స్ ఫోన్‌లో గట్టిగా తిట్టి, కోర్టుకెక్కుతా పేపర్లకెక్కుతా అని బెదిరించి, ఒక్క చుక్క కూడా తీయకుండా అచ్చేశాడు. ఈసీ వేసిన ఆఖరి కామిక్ బుక్ అదే.

ప్ర: నేను గ్లాస్గోలో ఉంటున్నానండీ, మాది భీమవరం. మా ఇంటి దగ్గర సదరన్ నెక్రోపాలిస్ అనే పాత శ్మశానం ఉంది, అక్కడ పిల్లలు రక్తపిశాచిని వేటాడారని, దానికీ ఈ కామిక్సే కారణమని ఇక్కడివాళ్లు చెప్తారు. నిజమేనా?

వేట నిజమేనమ్మా, 1954 సెప్టెంబర్. వందల మంది పిల్లలు, నాలుగేళ్లవాళ్లు కూడా, చేతుల్లో కత్తులూ చెక్కిన కర్రలూ పట్టుకుని ఆ గోడలెక్కి దూకారు. ఏడడుగుల పిశాచి, ఇనప పళ్లు, ఇద్దరు పిల్లల్ని తినేసింది అని పుకారు. వెనకే ఇనప ఫ్యాక్టరీ కొలిమి ఉండేది, దాని ఎర్ర వెలుగూ పొగా రాళ్ల మీద పడుతుంటే ఇంకేం కావాలి. పోలీసు వచ్చినా కదల్లేదట, ఓ హెడ్మాస్టరొచ్చి గదమాయిస్తే వెళ్లారంటారు. ఊళ్లో తప్పిపోయిన పిల్లలెవరూ లేరు.

పెద్దవాళ్లు వెంటనే అమెరికన్ హారర్ కామిక్స్ మీద పడ్డారు, ఆ ఊపులోనే బ్రిటన్‌లో 1955లో వాటి మీద చట్టం కూడా వచ్చింది. తర్వాత కొందరు పరిశోధకులు ఇనప పళ్ల పిశాచి ఉన్న కామిక్ దొరకలేదన్నారు గానీ, 1953లో 'డార్క్ మిస్టరీస్' అనే కామిక్‌లో అలాంటి కథ ఒకటి ఉంది. కానీ ఇనప పళ్ల మృగం బైబిల్‌లోనూ ఉంది, దానియేలు గ్రంథంలో, ఏడో అధ్యాయం. ఇనప పళ్ల జెన్నీ అనే స్కాటిష్ పద్యం కూడా ఉంది, బడిలో చెప్పేవాళ్లు. అంటే పిల్లలు భయపడింది చర్చిలో బడిలో విన్నదానికి కూడా కావొచ్చు, శిక్ష మాత్రం పడింది కామిక్‌కే. మీరు ఎప్పుడైనా అటు వెళ్తే ఆ శ్మశానం గేటు ఫోటో ఒకటి తీసి పంపండి, వేస్తాం.

ప్ర: అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 'క్రీపీ' అనే మ్యాగజైన్ దొరికింది. పెద్ద సైజు, లోపలంతా బ్లాక్ అండ్ వైట్. ఇదీ వాళ్లదేనా? రంగులెందుకు లేవు? – హైదరాబాద్

అబ్బ, అదృష్టవంతులు! వాళ్లది కాదు, జేమ్స్ వారెన్ అనే ఆయనది, 1964లో మొదలెట్టాడు, తర్వాత 'ఈరీ', 1969లో 'వ్యాంపిరెల్లా'. కోడ్ కామిక్ బుక్స్‌కే కదా వర్తించేది, మనది పెద్ద సైజులో, రంగుల్లేకుండా మ్యాగజైన్ల వరసలో పెడితే కోడ్ ముద్ర అక్కర్లేదు అని కనిపెట్టాడు. మ్యాడ్ కూడా మ్యాగజైనే కాబట్టి కోడ్ పరిధిలోకి రాలేదు, ఈయన అదే సందులోంచి దెయ్యాల్ని తెచ్చాడు. ఈసీలో పనిచేసిన ఆర్టిస్టులు చాలామంది ఇక్కడికి వచ్చారు, ఫ్రాంక్ ఫ్రజెట్టా వేసిన అట్టలైతే ఫ్రేమ్ కట్టించుకోవచ్చు.

రంగు లేకపోవడం లోటనుకోకండి. సిరాతోనే చీకటి, వెలుగు, పొగ అన్నీ తేవాలి, అది చేతనైనవాళ్లే అక్కడ నిలబడ్డారు. మీకు దొరికిన సంచిక 62 గానీ 63 గానీ అయితే వెంటనే తెరిచి బెర్నీ రైట్‌సన్ పేరు వెతకండి, 1974వి, ఆ కాలంలో అంతకన్నా మంచి హారర్ బొమ్మలు నేను చూళ్లేదు. 1971లో కోడ్ సడలించి పిశాచాల్నీ తోడేలు మనుషుల్నీ మళ్లీ రానిచ్చారు, మరుసటేడే మార్వెల్ వాళ్లు డ్రాక్యులాని దింపేశారు. ఆ కోడ్ పూర్తిగా పోయింది మాత్రం 2011లో, చివరి కంపెనీలు కూడా ముద్ర వేయడం మానేశాక.

ప్ర: రాత్రిపూట ఒంటరిగా చదవొచ్చా? – నెల్లూరు

చదవొచ్చు. పెళ్లైనవాళ్లు మాత్రం చదివాక జీవిత భాగస్వామి వైపు అదోలా చూడకండి.

ప్ర: ఒరిజినల్ సంచికలు కొనాలని ఉంది. దొరుకుతాయా? ఎలా దాచుకోవాలి? – కాకినాడ

దొరుకుతాయి గానీ ఒరిజినల్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దని నా సలహా, రేట్లు ఎక్కడో ఉన్నాయి, పైగా ఫోటో చూసి కొంటే అట్ట మార్చినవీ పేజీలు అతికించినవీ తగులుతాయి. గెయిన్స్ ముందుచూపు మనిషి, ప్రతి సంచికవీ కొన్ని కాపీలు కొత్తగా ఉండగానే చుట్టబెట్టి దాచేశాడు. ఆర్టిస్టులు వేసిన అసలు బొమ్మలు కూడా పారేయకుండా ఉంచాడు. అప్పట్లో చాలా కంపెనీలు వాటిని చించి చెత్తలో వేసేవి. ఆ బొమ్మల నుంచే తర్వాత రస్ కాక్రన్ అనే ఆయన మంచి రీప్రింట్లు వేశాడు. కాబట్టి రీప్రింట్ అంటే మసక ఫోటోస్టాట్ అనుకోకండి, గీత గీతా తెలుస్తుంది. ఆ బ్లాక్ అండ్ వైట్ సెట్లు దొరికితే వదలకండి. రంగులే కావాలంటే మేరీ సెవరిన్ అప్పట్లో వేసిన రంగులతో వచ్చినవి చూసుకుని కొనండి, కొత్తగా కంప్యూటర్ రంగులేసినవి నాకు నచ్చవు, శవం ముఖం మీద మెరుపు ఏంటండీ.

ఒకవేళ ఒరిజినల్ చేతికొస్తే, అది న్యూస్‌ప్రింట్, దానిలోనే యాసిడ్ ఉంటుంది, ఊరికే ఉన్నా పసుపెక్కి పెళుసైపోతుంది. మన సముద్రం పక్క ఊళ్ల తేమకి ఇంకా తొందరగా. యాసిడ్ లేని అట్ట వెనక పెట్టి, పాలియెస్టర్ కవర్‌లో వేసి, ఎండ పడని బీరువాలో నిలువుగా పెట్టండి. బియ్యం సంచులున్న గదిలో వద్దు, పురుగు పడుతుంది. కలరా ఉండలు కాగితానికి ఆనించి పెట్టొద్దు. లామినేషన్ చేయిస్తానని ఈ నెల ఇద్దరు రాశారు, దయచేసి చేయించకండి.